ఇంటికొచ్చే టైమ్ ముందు రాసుకోండి: విజయనగరం నుంచి కుటుంబంతో కటికి జలపాతానికి

బొర్రా గుహల దగ్గరున్న కటికి జలపాతానికి మేము మొదటిసారి వెళ్లిన రోజు ఇంట్లోంచి బయల్దేరేసరికే తొమ్మిదిన్నర అయింది. దారిలో టిఫిన్, తాటిపూడి గట్టు మీద ఫొటోలు, తర్వాత బొర్రా గుహలు. ఇవన్నీ అయ్యాక జీపు ఎక్కేసరికి మూడు దాటింది. అంత దూరం వెళ్లి జలపాతం ముందు నిలబడింది ఇరవై నిమిషాలు. తిరిగి నడుస్తుంటే వాన పట్టుకుంది, మా అత్తయ్యకి మోకాలు పట్టేసింది. అనంతగిరి ఘాట్ మొత్తం చీకట్లో, పొగమంచులో దిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రెండు గంటలూ కారులో ఒక్కరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు వెళ్లాం, పిల్లలతో, పెద్దవాళ్లతో. ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాం. మొదటిసారికీ తర్వాతి వాటికీ తేడా ఒక్కటే: ఎన్నింటికి బయల్దేరాలి అని ఆలోచించడం మానేసి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి అన్నది ముందు రాసుకున్నాం. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు టైమ్ వెనక నుంచి లెక్కపెట్టండి

ఒక కాగితం తీసుకోండి. అన్నిటికంటే కింద "శృంగవరపుకోట, సాయంత్రం 5" అని రాయండి. దసరా దాటాక మన వైపు ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. కొండల మధ్య వెలుగు ఇంకా ముందే తగ్గుతుంది. ఘాట్ దిగడం వెలుతురు ఉండగానే అయిపోవాలి. అంటే బొర్రా నుంచి మూడున్నరకి కదలాలి. దానికి ముందు గుహలకి గంటంబావు, భోజనానికి ముప్పావు గంట. ఇంకో అరగంట వెసులుబాటు. కాబట్టి జలపాతం నుంచి ఒంటిగంటకల్లా బొర్రాకి వచ్చేయాలి. జీపుకీ నడకకీ రానూ పోనూ చెరో గంట వేసుకోండి, నీళ్ల దగ్గర గంటన్నర, రెండు గంటలు. అలా పైకి లెక్కేసుకుంటూ పోతే బొర్రాలో తొమ్మిదికి ఉండాలని తేలుతుంది. విజయనగరం నుంచి బొర్రా దాదాపు 80 కిలోమీటర్లు. ఘాట్‌ని, మధ్యలో ఒక టిఫిన్‌ని కలుపుకుంటే మూడు గంటలు. అంటే ఉదయం ఆరింటికి కారు గేటు దాటాలి.

శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకి జాతీయ రహదారి మీద విజయనగరం చేరడానికే గంటన్నర పడుతుంది. నాలుగున్నరకి పిల్లల్ని లేపడం కష్టం. మీరు శుక్రవారం రాత్రికే విజయనగరంలో చుట్టాలింటికి వచ్చి పడుకోవడం నయం. లేదంటే ఆ రాత్రికే అనంతగిరిలోని పర్యాటక శాఖ హరిత రిసార్ట్‌లోనో, టైడాలోని జంగిల్ బెల్స్‌లోనో ఉండండి. గదులు ముందే బుక్ చేసుకోవాలి. కార్తీకంలో, డిసెంబరులో అప్పటికప్పుడు దొరకవు.

ఇంకొక మాట. చాలామంది ముందు గుహలు చూసి, తర్వాత జలపాతానికి వెళ్తారు. మేమూ మొదట అదే చేశాం. దాన్ని తిరగెయ్యండి. కొండల్లో మబ్బు పట్టడం, ఉరుములు, వాన సాధారణంగా మధ్యాహ్నం తర్వాతే. ఆ సమయానికి మీరు గుహ లోపల ఉంటే బయట వాన కురిసినా నష్టం లేదు. నీళ్ల దగ్గరా, రాళ్ల మీదా ఉంటే అదే వాన ప్రమాదం.

ఏ నెలలో వెళ్లాలి

వేసవిలో వెళ్తే ధార సన్నగా ఉంటుంది, పిల్లలు నిరాశపడతారు. జులై, ఆగస్టుల్లో నీళ్లు బాగా ఉంటాయి కానీ దారి జారుడు, ఘాట్‌లో రాళ్లు, చెట్లు విరిగిపడటం మామూలు. నా మట్టుకు దసరా వెళ్లాక మొదలై కార్తీక మాసం దాకా ఉన్న రోజులు కుటుంబానికి సరైనవి. కొండ ఇంకా పచ్చగా ఉంటుంది, ధార నిండుగా ఉంటుంది, ఎండ కూడా కాస్తుంది.

అయితే అవే మనకి తుఫాను రోజులు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి ఏం చేసిందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకని బయల్దేరే ముందు మూడు రోజులూ వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. విజయనగరానికి ఒక్కదానికే చూస్తే చాలదు. అనంతగిరి మండలం 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, ఆ జిల్లాకి ఇచ్చిన హెచ్చరికే మీకు ముఖ్యం. ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఉంటే వాయిదా వేయండి. ముందు రోజు రాత్రంతా భారీగా కురిసి తెల్లారి ఎండ కాసినా వాయిదా వేయండి. రాత్రి కొండ మీద కురిసిన నీళ్లు ఆ రోజు కూడా కిందికి దిగుతూనే ఉంటాయి.

వాయిదా వేశామని పిల్లలు ఏడిస్తే శృంగవరపుకోట పక్కనున్న పుణ్యగిరికి తీసుకెళ్లండి. ఉమాకోటిలింగేశ్వరుడి గుడి, కొండ మీంచి దిగే ధార, చెట్ల నీడ ఉంటాయి. ఘాట్ ఎక్కక్కర్లేదు. మెట్లున్నాయి గానీ ఇంటికి దగ్గర.

రోజు విషయానికొస్తే, శనివారం వెళ్లండి. ఆదివారం, ముఖ్యంగా కార్తీక వనభోజనాల ఆదివారం, ఆ ఇరుకు రోడ్డు మీద బండ్లు కదలవు. మీరు రాసుకున్న టైమ్ అంతా అక్కడే కరిగిపోతుంది.

ఎవరెవరు వస్తున్నారు

మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో వాళ్ల వేగమే మొత్తం ప్రయాణానికి వేగం. జీపు దిగాక కొంత దూరం ఎగుడుదిగుడు దారిలో నడవాలి. రాళ్లుంటాయి, వేర్లుంటాయి, తడిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లతో ఇంట్లోనే ఓపిగ్గా మాట్లాడండి. "మీరు రాలేరు" అని మనమే తేల్చేయకూడదు. దారి ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్లనే నిర్ణయించుకోనివ్వాలి.

రెండోసారి వెళ్లినప్పుడు మా అత్తయ్య బొర్రా దగ్గరే ఆగిపోయింది. "నానిక్కడే సెట్టు కింద కూసుంటాను, మీరెల్లి రండమ్మా" అంది. ఆవిడతో మా ఆడపడుచు ఉండిపోయింది. టీ తాగుతూ, కొండవాళ్లు అమ్మే జామకాయలు తింటూ, వచ్చేపోయే వాళ్లని పలకరిస్తూ ఆవిడ బాగా గడిపింది. అలా ఎవరైనా ఆగిపోతే పక్కన ఒక మనిషి తప్పకుండా ఉండాలి. ఎన్నింటికి తిరిగొస్తారో వాళ్లకి చెప్పి వెళ్లాలి, ఎందుకంటే జలపాతం వైపు ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం.

చంకలో ఎత్తుకోవాల్సిన బిడ్డ ఉంటే ఎత్తుకునే మనిషికి ఇంకో బరువు ఇవ్వకండి. రెండు చేతులూ ఖాళీగా ఉండేలా బిడ్డని కట్టుకునే సంచి ఉంటే మంచిది.

బండి, బస్సు, రైలు

సొంత కారైతే రెండు రోజుల ముందు బ్రేకులు, టైర్లు, వైపర్లు, ఫాగ్ లైట్లు చూపించండి. అద్దె బండి మాట్లాడుకుంటే కిలోమీటరు లెక్కా, రోజు లెక్కా, డ్రైవర్ బత్తా ఎంత, అన్నీ ముందే తేల్చుకోండి. ఘాట్ అలవాటున్న డ్రైవరేనా అని సూటిగా అడగండి. అలవాటు లేదంటే వేరే బండి చూసుకోండి.

విజయనగరం నుంచి రెండు దారులు. ఒకటి శృంగవరపుకోట మీదుగా, రెండోది గంట్యాడ, తాటిపూడి మీదుగా బొడ్డవర. రెండూ కొండ కిందికే చేరుస్తాయి. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా మన ఊరికొచ్చే జాతీయ రహదారి 516ఈ ఈ ఘాట్ మీదుగానే వస్తుంది. ఎక్కే ముందు ట్యాంకు నింపుకోండి.

కారు లేదంటే రైలు ఉంది, అది కూడా ఒక అందమే. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. కొత్తవలసలో గానీ శృంగవరపుకోటలో గానీ ఎక్కి, సొరంగాలన్నీ దాటుకుంటూ వెళ్లి బొర్రా గుహలు స్టేషన్లో దిగాలి. 2017 నుంచి ఈ మార్గంలో అద్దాల బోగీ కూడా పెట్టారు, దానికి ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి. శృంగవరపుకోట దాకా పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద టికెట్ ఉచితం, గుర్తింపు కార్డు చూపించాలి. కానీ చిన్నపిల్లలతో రైలులో వెళ్తే తిరుగు రైలు ఆలస్యమైతే ఏం చేయాలో ముందే అనుకోండి. వానాకాలంలో ఈ లైను మీద బండరాళ్లు పడి రైళ్లు ఆగిపోతుంటాయి.

సంచిలో ఏముండాలి

కాళ్లకి వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ, పట్టు ఉండే బూట్లు గానీ వేసుకోవాలి. హవాయి చెప్పులు మాత్రం వద్దు. మా మేనల్లుడు జారిపడింది ఆ చెప్పులతోనే, మోచెయ్యి గీరుకుపోయింది. ఆడవాళ్లు నడక ఉన్న రోజున చీర కంటే చుడీదార్ వేసుకుంటే హాయి. బంగారం ఇంట్లో పెట్టి రండి.

ప్రతి మనిషికీ ఒక జత పొడి బట్టలు, ఒక తువ్వాలు. బట్టలు మార్చుకోవడానికి అక్కడ తగిన చోటు ఉండదు కాబట్టి ఒక పెద్ద దుప్పటి తీసుకెళ్తే ఇద్దరు పట్టుకుని అడ్డం పెట్టొచ్చు. బొర్రా దాటాక మరుగుదొడ్డి దొరకదనే అనుకుని అక్కడే అందరినీ వెళ్లి రమ్మనండి. నెలసరి ఉన్నవాళ్లకి ఇది ముందే చెప్పండి.

పది మీటర్ల నైలాన్ తాడు, మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బా కూడా సంచిలో పడెయ్యండి. ఎందుకో కింద చెప్తాను. దోమల క్రీము, నొప్పి మాత్రలు, దూది, కట్టు గుడ్డ, పెద్దవాళ్లు రోజూ వేసుకునే మందులు ఉండాలి. చిల్లర నోట్లు తప్పనిసరి. సిగ్నల్ లేని చోట ఫోన్ పే పని చేయదు.

తిండికి పులిహోర సాటిలేనిది, సాయంత్రం దాకా పాడవదు. దద్దోజనం వెంటనే తినేటట్టయితేనే కట్టుకోండి.

ఘాట్ ఎక్కేటప్పుడు

ఉదయం రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. పిల్లలకి కడుపు నిండా పూరీలు పెట్టి మలుపులు ఎక్కిస్తే వాంతులు ఖాయం. వాంతుల మాత్ర అలవాటుంటే కొండ ఎక్కడానికి ముప్పావు గంట ముందే వేయాలి, పిల్లల డోసు డాక్టర్ని అడిగి వేయండి. ఫోన్ చూడనివ్వకుండా దూరంగా కొండల్ని చూడమనండి. అనంతగిరి వైపు సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. వాటిని ఎవరు ముందు చూస్తారో అని పందెం పెట్టండి.

డ్రైవింగ్ చేసేవాళ్లకి మూడు మాటలు. ఎదురుగా ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ప్రతి గుడ్డి మలుపులో హారన్ కొట్టాలి. దిగేటప్పుడు న్యూట్రల్ వేయకూడదు. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

బొర్రా దగ్గర జీపు

కారు అక్కడే ఆపి, జలపాతానికి స్థానికుల జీపు మాట్లాడుకోవాలి. ఆ దారిలో మన కార్లు వెళ్లాలని చూడటం అనవసరపు సాహసం. వెళ్లడానికి, అక్కడ ఆగడానికి, తిరిగి తేవడానికి కలిపి ఎంతో ముందే అనుకోండి. ఎన్నింటికి తిరిగి రావాలో డ్రైవర్‌కి చెప్పండి. జీపులో పది మందిని కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి. రెండు ట్రిప్పులు వేసినా సరే, బయటికి వేలాడే ప్రయాణం పిల్లలతో వద్దు.

ధర మాత్రం మరీ గీచి గీచి బేరమాడకండి, ఇది నా గట్టి అభిప్రాయం. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా కాపాడే ప్రాంతం. ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటు గనుల మీద జరిగిన పోరాటం నుంచే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు వచ్చింది, గిరిజనుల ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవంది. ఆ కొండ ఇంకా కొండలా ఉండి, మనం పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తున్నామంటే అక్కడివాళ్లు నిలబడటం వల్లే. జీపు కిరాయి, జామకాయల బుట్ట, బొంగు చికెన్ వాళ్ల బతుకుతెరువు.

బొంగు చికెన్ అంటే గుర్తొచ్చింది. జలపాతానికి వెళ్లే ముందే ఆర్డర్ చెప్పి వెళ్లండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చడానికి టైమ్ పడుతుంది. తొందరపెడితే ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోతుంది. మీరొచ్చేసరికి వేడిగా ఉంటుంది.

కోతులు చాలా ఉంటాయి. తిండి సంచి కనిపించనివ్వకండి, వాటికి ఏమీ పెట్టకండి.

నీళ్ల దగ్గర

ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

కటికి ధార సుమారు 50 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. ఇది గోస్తనీ నీరు. మేత మేస్తున్న ఆవు గుహ పైకప్పు కన్నంలోంచి లోపల పడిందనీ, దాని పొదుగు పేరుతోనే నదికి గోస్తని అని పేరొచ్చిందనీ అక్కడి కథ. ఇదే నది కిందికి దిగి మన గంట్యాడ మండలంలోని తాటిపూడి రిజర్వాయర్‌లో నిలుస్తుంది, విశాఖకి తాగునీరవుతుంది, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇది పిల్లలకి అక్కడే నిలబెట్టి చెప్పండి. అప్పుడు షాంపూ ప్యాకెట్టు, చిప్స్ కవరు ఆ నీళ్లలో ఎందుకు వేయకూడదో వేరే చెప్పక్కర్లేదు.

చేరగానే నీళ్లలోకి దిగకండి. ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. నీళ్లు తేటగా ఉన్నాయా, ఎక్కడ లోతు, ఎక్కడ నాచు, వెనక్కి పరుగెత్తాలంటే ఎటు వెళ్లాలి, ఇవన్నీ చూసుకోండి. ఒక రాయిని గుర్తు పెట్టుకోండి, నీళ్లు దాని మీద ఎక్కడి దాకా ఉన్నాయో గమనించండి. అరగంటకోసారి ఆ రాయి వంక చూస్తూ ఉండండి.

పిల్లల్ని ఆడించాల్సింది ధార కింద కాదు, ఇంకొంచెం కిందికి, మోకాలి లోతు కూడా లేని పారే నీటిలో. ధార సరిగ్గా పడే చోట మడుగు చూడటానికి తెల్లటి నురగతో ముచ్చటగా ఉంటుంది. ఆ నురగలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి ఆ నీరు మనిషిని మామూలు నీటిలా తేల్చదు. పైనుంచి పడే నీరు కిందికి తొక్కుతుంది, అడుగున తిరిగే సుడి మళ్లీ ధార కిందికే లాగుతుంది. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా ఇలాంటి మడుగుల్లో పోతారు. పైనుంచి రాయి, కొమ్మ కూడా నీటితో పాటే పడొచ్చు.

పాకుడు పట్టిన రాయి మీద నిలబడి సెల్ఫీ తీసుకోవద్దు. జలపాతం పై అంచుకి ఎక్కొద్దు. మందు తాగి ఎవరైనా గుంపుగా వస్తే మీ పిల్లల్ని తీసుకుని పక్కకి జరగండి. మీ వాళ్లలోనే ఎవరైనా సీసా తెస్తానంటే ఇంటి దగ్గరే గట్టిగా వద్దనండి.

పెద్దవాళ్లలో ఒకరిని కాపలాగా పెట్టుకోండి. ఆ మనిషి ఫోన్ తీయకూడదు, కబుర్లు చెప్పకూడదు, పిల్లల తలలు లెక్కపెడుతూ ఉండాలి. అరగంటకొకరు మారండి. మా ఇంట్లో ఈ డ్యూటీ అందరిదీ.

నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ధార చప్పుడు పెరిగినా, గుర్తు పెట్టుకున్న రాయి మీద నీళ్లు పైకి వచ్చినా, ఇంకేమీ ఆలోచించకుండా అందరినీ ఎత్తైన చోటికి నడిపించండి. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా పైన కొండ మీద కురిసిన వాన కొద్ది నిమిషాల్లో కిందికి రాగలదు. చెప్పులు, సంచులు వదిలేసి రండి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. ఆ తాడు, ఖాళీ డబ్బా ఇందుకే. డబ్బాకి తాడు కట్టి విసరండి. అది లేకపోతే చీరో, చున్నీలు ముడేసో విసరండి. విసిరే మనిషి ఒడ్డున కూర్చుని, వెనకనుంచి ఇంకొకరు నడుము పట్టుకోవాలి. అంబులెన్స్‌కి 108, పోలీసులకి 112. సిగ్నల్ లేకపోతే జీపు డ్రైవర్ని పరుగెత్తించండి, దారి తెలిసినవాడు అతనే.

కాగితం మీద రాసుకున్న టైమ్ అయ్యిందా, లేవండి. "ఇంకో పది నిమిషాలు" అని పిల్లలూ అంటారు, పెద్దవాళ్లూ అంటారు. మేము పావుగంట ముందే ఒకసారి చెప్తాం, టైమ్‌కి ఇంకోసారి చెప్పి తువ్వాలు పట్టుకుని నిలబడతాం.

తిరుగు దారి

తడి బట్టలు విప్పించి, పొడివి వేసి, తల తుడిచాకే జీపు ఎక్కించండి. మీరు తెచ్చిన ప్లాస్టిక్ అంతా మీ సంచిలోనే వెనక్కి రావాలి. బొర్రాలో భోజనం, ఆ తర్వాత గుహలు. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తేమగా ఉంటుంది, పెద్దవాళ్లు రెయిలింగ్ పట్టుకుని వెళ్లగలిగినంత దూరం వెళ్తే చాలు. టైమ్ తక్కువైతే గుహలు వదిలేయండి, ఇంకోసారి చూడొచ్చు. మూడున్నరకి కారు కదలడం మాత్రం తప్పొద్దు. డ్రైవర్ తిని కాసేపు నడుం వాల్చాడా లేదా చూడండి, కడుపు నిండా తిన్నాక మలుపుల్లో కునుకు పడుతుంది.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే అందరి కాళ్లు, వేళ్ల సందులు, మెడ వెనక చూడండి, జలగ గానీ పురుగు గానీ పట్టి ఉండొచ్చు. గీరుకుపోయిన చోట సబ్బుతో కడగండి.

మన ఏజెన్సీలో మలేరియా ఉంది, మెదడుకి ఎక్కే రకం కూడా ఉంది. అక్కడ దోమ కుట్టి ఉంటే జ్వరం వెంటనే రాదు. ఎక్కువగా వారం తర్వాత నుంచి నెల లోపు వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు, అప్పటికి ప్రయాణం సంగతి మీరు మరిచిపోయి ఉంటారు. అందుకని క్యాలెండర్‌లో వెళ్లిన తేదీ దగ్గర "అనంతగిరి" అని రాసి, నెల రోజులు చూస్తూ ఉండండి. ఈలోగా ఇంట్లో ఎవరికైనా చలితో జ్వరం వస్తే మాత్రలు వేసి కూర్చోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.